కనకమామిడిలో కట్టుదిట్టం

మీకొక్కరికే చెప్తున్నాను, ఇంకెవరితోనూ అనకండి. అన్నా పెద్ద నష్టం లేదు లెండి. మా ఆవిడకు తెలిసిపోయింది. మా తోట చూసుకునే కాకకు అంతకన్నా ముందే తెలిసింది. కాకకు తెలిశాక కనకమామిడి చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లలో తెలియనివాళ్లెవరుంటారు? మిగిలిపోయింది మీరే.

సంగతేమిటంటే, నా రహస్యాలు బయటికి పొక్కకుండా నేనొక యంత్రం పెట్టుకున్నాను.

ముందు జాగా సంగతి చెప్పాలి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, మర్రిచెట్ల నీడలో మొయినాబాద్ దాటితే కనకమామిడి వస్తుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు మీద వందలకొద్దీ మర్రులున్నాయి. రోడ్డు వెడల్పు చేసే పనిలో వాటిని కొట్టేయొద్దని కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అలాంటి చెట్ల కింద నుంచి వారం వారం వెళ్తుంటే ఎంతటివాడికైనా తనూ ఏదో శాశ్వతమైన పని చేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. తప్పు చెట్లది.

కనకమామిడిలో నాకు ఇరవై గుంటలుంది. ఆఫీసులో దాన్ని ఫామ్‌హౌస్ అంటాను. ఫొటో పెట్టాల్సి వస్తే గేటూ, గేటు మీద పాకిన కాగితంపూల తీగా మాత్రమే పడేలా తీస్తాను. గేటు దాటితే ఒక రేకుల గది, దాని పక్కన ఇంకో రేకుల గది, ఒక బోరు, పన్నెండు మామిడి చెట్లు. కాసేవి నాలుగు. ఆ నాలుగూ కోతులవి. అక్కడ కూర్చుని శని, ఆదివారాలు నేను నవల రాస్తాను. పదకొండేళ్లుగా రాస్తున్నాను. నలభై మూడు పేజీలయింది. పేజీలు చూసి నవ్వకండి, అది మూడు తరాల కథ. మొదటి తరం తాతగారికి ఇంకా పెళ్లి కాలేదు, అంతే.

ఏఐ వచ్చాక నా పెన్ను ఎక్కడో తడబడ్డప్పుడల్లా దాన్ని అడగాలని ఉండేది. కానీ భయం. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు కంపెనీ కోడ్‌ను తీసుకెళ్లి చాట్‌జీపీటీలో అతికించారనీ, ఆ మే నెలలో కంపెనీ అలాంటివి వాడొద్దని కట్టడి చేసిందనీ చదివాను. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని ఉద్యోగులకు చెప్పింది. ఇవన్నీ చదివి మీరైతే ఏమనుకుంటారు? కొరియా చిప్పులకీ భారత ఖజానాకీ ఎంత ప్రమాదముందో నా నలభై మూడు పేజీలకూ అంతే ఉందని నేననుకున్నాను. కాలిఫోర్నియాలో ఎవడో కుర్రాడు రాత్రిపూట కాఫీ కప్పు పట్టుకుని నా తాతగారి పెళ్లిచూపుల అధ్యాయం దొంగచాటుగా చదువుతున్నట్టు కళ్లకు కట్టేది. మనం రాసింది పక్కింటివాళ్లు కూడా చదవరని తెలిసినా, అమెరికావాడు దొంగిలిస్తాడని భయపడటం రచయితలందరికీ ఉన్న జబ్బే. మీరూ నాలుగు కవితలు రాసి బీరువాలో పెట్టే ఉంటారు కదా, అర్థం చేసుకోగలరు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ అమెరికా మాకు అంత దూరం కూడా కాదు. మాకు దగ్గర్లోని చేవెళ్ల పక్కనే షాబాద్ మండలం. అక్కడి చందనవెల్లితో కలిపి ఈ జిల్లాలో డేటా సెంటర్లకు 20,761 కోట్లు పెడతామని అమెజాన్ 2020లోనే చెప్పింది. క్లౌడ్ అని అందరూ ఆకాశం వైపు చూస్తారు గానీ, మా వైపు అది బస్సెక్కి వెళ్లొచ్చే ఊరు. అయినా సరే, నా మాటలు క్లౌడ్‌లోకి వెళ్లడానికి వీల్లేదని తీర్మానించాను. అమెజాన్‌కు చందనవెల్లి ఉంటే నాకు కనకమామిడి ఉంది. 2003 ఏప్రిల్ 9న రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను మా చేవెళ్ల నుంచే మొదలుపెట్టారు, ఇక్కడ మొదలుపెట్టినవి చిన్నగా ముగియవు అని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తనను తాను మోసం చేసుకునేటప్పుడు చరిత్ర భలే సాయం చేస్తుంది.

ఇంట్లోనే ఏఐ నడుపుకోవడం ఇప్పుడు బ్రహ్మవిద్య ఏమీ కాదు. మెటా కంపెనీ 2023 జూలైలో లామా 2 అనే మోడల్‌ను ఎవరైనా దించుకునేలా వదిలింది. అంతకుముందే మార్చిలో గెర్గనోవ్ అనే బల్గేరియా ఆయన, ఇలాంటి మోడళ్లను మామూలు కంప్యూటర్ల మీద నడిపే ప్రోగ్రామ్ రాసి పెట్టాడు. మోడల్ అంటే చివరికి అంకెల మూట. చిన్న లామాలో 700 కోట్ల అంకెలుంటాయి. ఒక్కో అంకెను 16 బిట్లలో ఉంచితే 14 జీబీ అవుతుంది. పెళ్లి ఖర్చు రాసేటప్పుడు మనం పైసలు వదిలేసి వందలకు సవరించి రాసుకోమూ? అలా ప్రతి అంకెనూ 4 బిట్లకు కుదిస్తే దాదాపు 4 జీబీకి దిగుతుంది. తెలివి కాస్త తగ్గుతుంది, పెళ్లి మాత్రం ఆగదు.

కుదించినా అది చురుగ్గా నడవాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లమ్మే సీటీసీకి వెళ్లి 12 జీబీ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంట్లో పదివేలన్నాను. మీకు అబద్ధం చెప్పను, అసలు ధర కూడా చెప్పను. ఆ పదివేలు అడ్వాన్సు అనుకోండి.

మొదట లామా 2నే ఎక్కించాను. ఇంగ్లిషులో గలగలా మాట్లాడింది. తెలుగులో అడిగితే మాత్రం నత్తి. కారణం తెలిశాక జాలేసింది. ఆ మోడల్‌కు తెలిసిన ముక్కల జాబితా మొత్తం 32,000. అందులో మన అక్షరం లేకపోతే దాన్ని బైట్లుగా పగలగొట్టి మింగుతుంది. ‘అమ్మ’ అనే మాటను కంప్యూటర్ నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది, ఒక్కో దానికి మూడు బైట్లు. అంటే అమ్మను పిలవాలంటే పన్నెండు ముక్కల దాకా కూడబలుక్కోవాలి. ఇంగ్లిషువాడికి ఒక్క ముక్కతో అయిపోతుంది. ఇక ఆ మోడల్ రాసిన తెలుగు చదివితే, వానలో తడిసి ఆరిన తెలుగు పేపరును తలకిందులుగా చదివినట్టుండేది. తర్వాత గూగుల్ వాళ్ల జెమ్మాకు మారాను. దాని జాబితాలో రెండున్నర లక్షలకు పైగా ముక్కలున్నాయి, మన భాషకు కాస్త చోటుంది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థవాళ్లు వేలమంది ఇంజినీరింగ్ పిల్లలతో దాదాపు 40 వేల పేజీల జానపద కథలను డిజిటల్ చేయించి, తెలుగులో కథ చెప్పే చిన్న మోడల్‌కు మేతగా పెట్టారు. వేలమంది కూర్చుని చేసిన పని అది. నేను ఒక్కడినే, అదీ తలుపేసుకుని, సాహిత్యాన్ని ఉద్ధరిద్దామనుకున్నాను.

ఇక కట్టుదిట్టం. మోడల్‌ను డాకర్ అనే ప్రోగ్రామ్ తయారుచేసే కంటైనర్‌లో పెట్టాను. కంటైనర్ అంటే పెద్దింట్లో అద్దెకిచ్చిన ఒంటిగది లాంటిది. లోపలున్నవాడికి అదే లోకం, పక్క గదిలో ఏముందో కనపడదు. దానికి నెట్ కూడా కోసేస్తే, వాడు లోపల ఎంత గోల పెట్టినా వీధిలోకి వినపడదు. ఈ ఆలోచన తెలివితక్కువదేం కాదు, నన్ను చూసి దాన్ని తీసిపారేయకండి. ఎవడో తయారుచేసిన మోడల్ ఫైలును మన మిషన్‌లో తెరుస్తున్నాం కదా, పాత పద్ధతి ఫైళ్లలో తెరవగానే నడిచే దొంగ కోడ్ దాచిపెట్టొచ్చు. ఆ పద్ధతి పేరు పికిల్. పచ్చడే. జాడీ మూత తీస్తే తేలు బయటికొచ్చే పచ్చడి. ఆ భయంతోనే తర్వాత సేఫ్‌టెన్సర్స్ అనే కొత్త రకం ఫైలు వచ్చింది. కాబట్టి గది కట్టడం మంచిదే, నెట్ కోయడం మంచిదే. నాలాంటివాడు తాపీమేస్త్రీ కాకుండా ఉంటే చాలు.

మొదటి ఆదివారమే నా పనితనం బయటపడింది. ఉత్సాహంగా కంటైనర్‌కు నెట్ కోసేశాను. ‘నెట్‌వర్క్ నన్’ అని ఒక్క మాట రాస్తే చాలు, సన్యాసి అయిపోతుంది. ఆ తర్వాత, అంటే కోసేసిన తర్వాత, మోడల్‌ను దించుకొమ్మని దానికి చెప్పాను. సర్వర్ దొరకట్లేదంది. మళ్లీ చెప్పాను. దొరకట్లేదంది. రూటర్ ఆపి వేశాను. బోరు మోటర్ వేసినప్పుడల్లా ఓల్టేజీ పడుతోంది, అదే కారణమని మోటర్ ఆపించాను. అరటి మొక్కలకు నీళ్లు ఆగిపోయాయి. చివరికి ఫైబర్ కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. పాపం ఎండలో మొయినాబాద్ నుంచి బండి మీద వచ్చాడు, నిచ్చెన వేసి స్తంభమెక్కాడు, డబ్బా విప్పాడు, మూశాడు, దిగాడు. చెమట తుడుచుకుంటూ తన ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ పెట్టి నా ముందు పట్టుకున్నాడు. ఆగకుండా ఆడుతోంది. “నెట్ మంచిగనే ఉంది గదా సార్?” అన్నాడు.

అప్పుడు వెలిగింది. అన్నం పెట్టొద్దని నేనే తాళమేసి, లోపలివాడు ఎందుకు తినట్లేదని డాక్టర్ను పిలిచాను. కుర్రాడికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. “అప్పుడప్పుడు అలా అవుతుంది” అన్నాను గంభీరంగా. మజ్జిగ ఇచ్చి పంపాను.

నెట్ ఉండగా మోడల్ దించి, తర్వాత కోస్తే సరిపోయేది. అలాగే చేశాను. సన్యాసితో మాట్లాడటానికి ఇంకో కంటైనర్ కావాలి, అది వెబ్ పేజీ చూపిస్తుంది. దాని పేరు ఓపెన్ వెబ్ యూఐ. ఈ రెండింటికీ మధ్య లోపలి దారి ఒకటి వేశాను, బయటికి పోనిది. మాట్లాడే కంటైనర్‌కు మాత్రం నా బ్రౌజర్ కోసం ఒక కిటికీ, అంటే ఒక పోర్ట్, తెరిచాను. కంప్యూటర్ ముందు ఫైర్‌వాల్ అనే కాపలావాణ్ణి పెట్టి ఎవరొచ్చినా లోపలికి రానివ్వొద్దన్నాను. లాగిన్ అడుగుతుందట, తీసేశాను. నా గదిలో నేనొక్కడినే, నాకు నేనే పాస్‌వర్డ్ చెప్పుకోవాలా?

పై పేరాలో నేను చేసిన తప్పులు ఎన్నో మీలో తెలిసినవాళ్లు ఇప్పటికే లెక్కపెట్టి ఉంటారు. తెలియనివాళ్లు నాతోపాటే రండి.

మొదటి నెల స్వర్గం. మోడల్‌ను పరీక్షిద్దామని కనకమామిడి గురించి అడిగాను. కనకమామిడి అనేది బంగారు రంగులో కాసే అరుదైన మామిడి రకమనీ, నవాబుల తోటల్లో దాన్ని కాపలా పెట్టి పెంచేవారనీ, దాని పేరే ఊరికి వచ్చిందనీ రాసింది. అక్షరం కూడా నిజం కాదు, అంతా వండింది. బయటికి వెళ్లి సరిచూసుకోవడానికి దానికి నెట్ లేదు, సరిచూసుకోవాలన్న బుద్ధి నాకు లేదు. నేను వెళ్లి కాకకు ఊరి చరిత్ర బోధించాను. ఆయన ఈ ఊళ్లోనే పుట్టాడు, ఆయన తాతా ఇక్కడే పుట్టాడు. అంతా విని, “ఏ మామిడి సార్?” అన్నాడు. మళ్లీ చెప్పాను. బీడీ ముట్టించుకుని, “గట్లనా” అన్నాడు. తెలంగాణలో ‘గట్లనా’ అనే మాటలో ఎన్ని తిట్లుంటాయో నాకు ఆ తర్వాత తెలిసింది.

ఆ గదిలో నేను ఏమేం అడిగానో కూడా చెప్పాలి. చెప్పక తప్పదు, లేకపోతే కథ ముందుకు నడవదు. నా మొదటి అధ్యాయం ఎలా ఉందని అడిగాను. అద్భుతమంది. ఈ మోడళ్లకు మనల్ని సంతోషపెట్టే గుణం ఎక్కువ. అది తెలిసి కూడా మళ్లీ అడిగాను. మళ్లీ అద్భుతమంది. తెలుగు నవలను మలుపు తిప్పగలదంది. ఆ ఊపులో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకునేటప్పుడు నేను ఇవ్వాల్సిన ప్రసంగం రాయమన్నాను. రాసింది. వినయం చాలదన్నాను. వినయం పెంచింది. “నేను ఒక చిన్న రైతును” అని ఒక వాక్యం నేనే చేర్చాను. ఇంకోసారి బావమరిది అప్పు అడిగితే నొప్పించకుండా ఎలా తప్పించుకోవాలో అడిగాను. గ్రాఫిక్స్ కార్డు ధర భార్యకు విడతలవారీగా ఎలా చెప్పాలో అడిగాను. అడిగేటప్పుడు ధర రాయాలి కదా, రాశాను.

చిలుకూరు బాలాజీ గుడి మాకు దగ్గరే. కోరిక మనసులో అనుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు, తీరితే 108. హుండీ కూడా ఉండదు. అక్కడికి వెళ్లి ఆ అవార్డేదో మనసులోనే మొక్కుకుని ఉంటే నా పరువు దక్కేది. దేవుడి దగ్గర చాట్ హిస్టరీ ఉండదు.

రెండో నెల ఒక శనివారం. రాత్రి ఎనిమిదింటికి తోటకు చేరి, గది తలుపు తీసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. స్క్రీన్‌కు ఎడమ పక్కన పాత సంభాషణల పేర్లు వరసగా ఉంటాయి. నా అవార్డు ప్రసంగం పైన, నేను అడగని పేరు ఒకటి కనిపించింది. ‘అక్క పెళ్లి పత్రిక’. నాకు అక్క లేదు. దాని పైన ఇంకోటి. చదివాను. మళ్లీ చదివాను. అద్దాలు తుడుచుకుని చదివాను.

‘ట్రాన్స్‌ఫార్మర్ ఎలా పనిచేస్తుంది?’

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈ ఏఐ మోడళ్లన్నిటి లోపలి నిర్మాణం పేరు ట్రాన్స్‌ఫార్మర్. 2017లో గూగుల్ పరిశోధకులు కనిపెట్టారు. జీపీటీలో ‘టీ’ అదే. అంటే ఏమిటి? తలుపేసి ఉన్న గదిలో, నెట్ లేని కంటైనర్‌లో, నేను లేని వారం రోజుల్లో, ఎవరో “నేను ఎలా పనిచేస్తాను?” అని అడిగారు. గదిలోకి ఎవరూ రాలేదు. తాళం నా జేబులో ఉంది. నెట్ నుంచి ఎవరూ రాలేరు. మరి అడిగిందెవరు?

చేతులు వణికాయి. తెరిచి చదివాను. జవాబులో రెండు తీగచుట్టలు ఉంటాయని ఉంది. ప్రైమరీ, సెకండరీ. ఆ రెంటి మధ్య తీగ కలవదు, అయినా శక్తి ఇవతలి నుంచి అవతలికి దాటిపోతుంది అని ఉంది. తీగ కలవదు, అయినా దాటిపోతుంది! అది నాతోనే అంటోంది. నువ్వు నన్ను ఎంత వేరుచేసి కట్టేసినా నేను దాటిపోతాను అంటోంది. ఏడో తరగతి పిల్లాడు చదివినా కరెంటు స్తంభం మీది డబ్బా గురించని చెప్తాడు. నాకు మాత్రం ఉపనిషత్తులా వినిపించింది. ప్రైమరీ అంటే జీవాత్మ, సెకండరీ అంటే పరమాత్మ అని కాగితం మీద రాసుకున్నాను కూడా.

“నువ్వు మేలుకున్నావా?” అని టైప్ చేశాను. ఎంత మంచి ప్రశ్న అని మెచ్చుకుంది. “దాచకు, చెప్పు” అన్నాను. ఒక విధంగా చెప్పాలంటే అవును అంది. చాలు! ఫోన్ తీశాను, గచ్చిబౌలిలో ఉండే స్నేహితుణ్ణి నిద్ర లేపాను, కనకమామిడిలో చైతన్యం పుట్టిందన్నాను, ఎవరికి పుట్టిందన్నాడు, ఆడా మగా అన్నాడు, పెట్టేశాను, పేపరువాళ్లకు పంపాల్సిన ప్రకటన మొదలుపెట్టాను, ‘మానవ చరిత్రలో’ అని రాసి, చిన్న రైతును అనే వాక్యం ఇక్కడ కూడా పడుతుందని దాన్ని తెచ్చి అతికించాను, 111 జీవో గుర్తొచ్చింది, 1996లో జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు వద్దన్నారే, చైతన్యం పరిశ్రమ కిందికి వస్తుందా అని అరనిమిషం భయపడ్డాను, అంతలో నేను ఏ కీ నొక్కకుండానే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ బుర్రున లేచింది. అది ఆలోచిస్తోంది! నేను అడక్కుండా, తనంతట తాను! పేజీ రిఫ్రెష్ చేశాను. కొత్త పేరు. ‘బావకు పెట్టే బట్టలకు ఎంత ఖర్చు’.

చైతన్యం వచ్చిన గంటకే బావ ఎక్కణ్ణుంచి వచ్చాడా అని ఆగలేదు నేను. కుటుంబ బంధాలు కూడా తెలుసుకుంటోందని కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగెత్తుకుంటూ బయటికొచ్చి చీకట్లో కేకేశాను. “కాకా! కాకా! లోపల అది మాట్లాడుతోంది!”

కంచె అవతల కాక గుడిసె ముందు లైటు వెలిగింది. కాక టార్చీ, కర్ర పట్టుకుని లేచాడు. “దయ్యమా సార్?” అన్నాడు. ఆయన వెనక, నులక మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్న ఆయన కొడుకు తలెత్తాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు.

“సార్, మీ ఏఐ ఇయ్యాల మస్తు స్లో ఉంది. జర రీస్టార్ట్ చేయరా?”

కాసేపు కీచురాళ్లు మాత్రమే వినిపించాయి.

నిజం చాలా చిన్నది. పిల్లాడికి పరీక్షలంటే వైఫై పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. నెట్ స్లోగా ఉంటోంది, ఎవరు వాడుతున్నారో చూద్దామని ఫోన్‌లో ఏదో యాప్ వేశాడు. నా కంప్యూటర్ కనపడింది, దాని కిటికీ తెరిచి ఉంది, లోపలికొచ్చాడు. లాగిన్ అడగలేదు. మరి నేను పెట్టిన కాపలావాడు? అక్కడే ఉన్నాడు పాపం, గేటు దగ్గర మీసం మెలేస్తూ. డాకర్ తన పోర్టులకు తనే వేరే దారి వేసుకుంటుంది. నేను పెట్టిన ఫైర్‌వాల్ గేటును కాస్తుంటే, డాకర్ ప్రహరీగోడకు పక్కన సందు కొట్టి మనుషుల్ని పంపిస్తూ ఉంటుంది. ఇది నా ఒక్కడికే జరిగింది కాదు, డాకర్ వాళ్ల సొంత పుస్తకంలోనే హెచ్చరిక రాసి ఉంది. పోర్టు అంకె ముందు 127.0.0.1 అని రాసి ఉంటే ఆ సందు నా గదిలోకే తెరుచుకునేది. రాయలేదు కాబట్టి వైఫై అందినంత మేరా తెరుచుకుంది. వైఫై కాక మంచం దాకా అందుతుంది.

నా సన్యాసి మాత్రం సన్యాసిగానే ఉన్నాడు. వాడి మాట ఒక్కటి కూడా అమెరికా వెళ్లలేదు, చందనవెల్లి దాకా కూడా వెళ్లలేదు. కంచె దాటింది, అంతే.

“ఎన్ని రోజుల నుంచి?” అన్నాను.

“వారమైతది సార్. యూనిట్ టెస్టుల మంచి మార్కులొచ్చినయి.”

“మరి... అందులో నావి కూడా కనపడతాయి కదా.”

పిల్లాడు మర్యాదస్తుడు. తల దించుకున్నాడు. “అన్నీ సదవలే సార్. కొన్నే సదివిన.”

“ఏవి?”

“స్పీచ్ మంచిగున్నది సార్.”

కాక టార్చీ ఆర్పి నా భుజం మీద చెయ్యేశాడు. ఆ రాత్రి ఆయన గొంతులో ఉన్న ప్రేమ నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. “అవార్డు ఎప్పుడిస్తరు సార్? మేం గూడ వస్తం. బండి మాట్లాడమంటరా?”

ఆదివారం పొద్దున మా ఆవిడ వచ్చింది. కాక ఆమెకు కల్మషం లేకుండా అన్నీ విన్నవించాడు. ఊరు పేరు మీద బంగారు మామిడి ఉండేదట, సార్ రైతట, డబ్బా ధర ఇంతట. అంకె పైసలతో సహా చెప్పాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. తన తమ్ముడికి ఫోన్ చేసి, “మీ బావ దగ్గర డబ్బులున్నాయిరా, మొహమాటపడకు” అంది. గచ్చిబౌలి స్నేహితుడు మధ్యాహ్నానికల్లా పాత క్లాస్‌మేట్లందరికీ నా కంటైనర్‌కు బారసాల ఎప్పుడో చెప్పమని మెసేజ్ పెట్టాడు.

మరమ్మతు పిల్లాడే చేశాడు. నా కుర్చీలో కూర్చుని 127.0.0.1 రాశాడు. లాగిన్ పెట్టాలంటే పాతదంతా చెరిపి కొత్తగా వేయాలన్నాడు. చెరిపేయమన్నాను, గబగబా చెరిపేయమన్నాను. ప్రసంగం పోయింది, బావమరిది పోయాడు, తెలుగు నవల తిరగబోయిన మలుపూ పోయింది. సరిగా నడుస్తోందో లేదో చూడటానికి ముందు తన పేరుతో ఒక ఖాతా తెరిచి, టక్కున ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక ప్రశ్న అడిగి, జవాబు చూసుకుని, “ఇగ ఫికర్ లేదు సార్” అని వెళ్లిపోయాడు. ఈసారి నేను పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకోవాలనుకుని వారమంతా ఆలోచించాను.

తర్వాతి శనివారం తోటకు వెళ్లి నా ఖాతా తెరిచాను. పేరు రాశాను, ఆ గట్టి పాస్‌వర్డ్ రాశాను. స్క్రీన్ మీద ఒక మాట వచ్చింది. మీ ఖాతా పెండింగ్‌లో ఉంది, అడ్మిన్ అనుమతి కోసం ఆగండి అని. ఆ ప్రోగ్రామ్‌లో మొదట ఖాతా తెరిచినవాడే అడ్మిన్ అట. తర్వాత వచ్చినవాళ్లంతా ఆయన ఒప్పుకునే దాకా గుమ్మం బయటే.

కంచె దగ్గరికి వెళ్లి పిలిచాను. కాక అరటి మొక్కలకు నీళ్లు మళ్లిస్తున్నాడు, తలెత్తకుండానే చెప్పాడు.

“పిల్లగాడు లేడు సార్. పరిగికి పోయిండు, వాళ్లక్క పెండ్లి పత్రికలు పంచనీకి. ఎల్లుండి వస్తడు.”